తొక్కాల్సిన గడప

ఇది నేను ఎప్పుడో రాసి ఉండాల్సింది. రాయలేకపోవడానికి ఒక కారణం మా కాలేజీలో అందరికీ తెలుసు. యాభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. రిజిస్టర్‌లో వేలిముద్ర వేసి, ఆ వేలిని చీర చెంగుకి తుడుచుకునేదాన్ని. రెండో కారణం ఎవరికీ తెలియదు. అక్షరాలు వచ్చాక కూడా ఒక పుస్తకం తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు. మేడమ్ గారి గురించి రాయాలంటే ఆ పుస్తకం చదవక తప్పదు. అందులో నా తప్పొకటి రాసి ఉంటుందని నా భయం.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. మా కాలేజీలో బేస్‌బాల్ ఆడి వెళ్లిపోయిన పిల్లలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపు. "మన మేడమ్ గారు ఇక లేరు" అని ఉంది. ఎవరి చేతా చదివించుకోకుండా, నా అంతట నేను చదివిన మొదటి చావు కబురు అది. నాకు చదవడం నేర్పినావిడ కబురే అయింది.

రాజమండ్రిలో మాది ఆడపిల్లల కాలేజీ. ఆవిడ అక్కడ పీడీ, అంటే ఆటలు నేర్పే మేడమ్. ధవళేశ్వరం నుంచి రోజూ తెల్లారేసరికి ఆటోలో వచ్చేవారు. నేత చీర జానెడు పైకి దోపి, కాళ్లకి కాన్వాస్ బూట్లు, మెడలో నల్లపూసలతో పాటు ఈల, జుట్టు ముడిలో ఒక పెన్సిల్. ఒళ్లో బేస్‌బాల్ కర్రల సంచి. ఆటో అబ్బాయి ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"ఈ కర్రలతో ఎవర్ని కొడతారండీ మేడమ్ గారూ?"

"ఇంకా నిర్ణయించలేదండి," అన్నారు ఆవిడ, సంచి దింపుకుంటూ.

ఆవిడ అందరినీ 'అండి' అనేవారు. ఆడే పిల్లల్ని పేర్లతో పిలవడం నేను వినలేదు. ఎవరు ఎక్కడ నిలబడితే అదే పేరు. "పిచర్ గారూ, మంచినీళ్లు తాగారా?" "సెంటర్ ఫీల్డ్ గారూ, ఆ కాకుల్ని లెక్కపెట్టడం అయ్యాక ఇటు చూడండి." కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరిగేది. ఎవరైనా చేతిలో పడిన బంతిని జారవిడిస్తే ఈల వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని, "చాలా బాగా వదిలేశారండి. బంతికి దారి ఇచ్చారు. మీ అమ్మగారు బాగా పెంచారండి" అనేవారు. ఆ పిల్ల చచ్చినా ఇంకోసారి వదిలేది కాదు.

నేను అక్కడ ఆయాని. టెంపరరీ పోస్టు. బాత్‌రూములు కడగడం, వరండాలు ఊడ్చడం, శుక్రవారం శుక్రవారం ఆఫీసు గది ముందు ముగ్గు పెట్టడం. కాలేజీలో అందరూ నన్ను "ఏమే" అనో "ఆయమ్మా" అనో పిలిచేవారు. ఒక శుక్రవారం నేను ముగ్గు పెడుతుంటే నా వెనక కాన్వాస్ బూట్లు ఆగాయి.

"ఈ గీత స్కేలు పెట్టి గీశారా అండీ?"

నన్నే అంటున్నారని నాకు తెలియలేదు. చుట్టూ చూశాను.

"మిమ్మల్నే."

"చెరిపేస్తానండి," అన్నాను. తప్పు చేశానేమోనని.

"చెరపకండి. ఇదే గీత తొంభై అడుగులు పోయగలరా?"

"ఎక్కడండీ?"

"రండి, చూపిస్తాను."

ఆ రోజు నుంచి గ్రౌండ్ గీతలు నావి. అప్పటిదాకా గీతలు వేసే చక్రాల డబ్బా ఒకటి ఉండేది. అది తాగినోడిలా వంకరగా నడిచేది. నేను పిడికిట్లో సున్నం పొడి పట్టుకుని, వేళ్ల సందులోంచి వదులుతూ వంగి వెనక్కి నడిచేదాన్ని. గీత బాణంలా వెళ్లేది. గోదావరి గాలి ఎక్కువున్న రోజు గాలికి వీపు పెట్టి పోసేదాన్ని. మేడమ్ గారు ఒక కన్ను మూసి, గీత ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, వంకర దొరక్కపోతే "అన్యాయమండీ, ఒక్క తప్పైనా చెయ్యరు" అనేవారు. నాకూ పేరు పెట్టారు. లైన్ల ఇన్‌చార్జి గారు. నా జన్మలో నన్ను 'గారు' అన్న మొదటి మనిషి ఆవిడ. మొదటి వారం ఆ మాట వినిపించినప్పుడల్లా వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేదాన్ని.

ఆట సంగతి కూడా చెప్పాలి. నాలుగు మూలలు. ఒక మూల నిలబడి బంతిని కర్రతో కొట్టి, మిగతా మూడు మూలలూ చుట్టి, మొదలుపెట్టిన చోటికి తిరిగి రావాలి. ఆ చోట నేలలో ఐదు మూలల తెల్ల రబ్బరు పలక ఒకటి ఉంటుంది. దాని మీద కాలు పడితేనే పరుగు. కొత్త పిల్లలకి మేడమ్ గారు ఆ పలకని చూపించి చెప్పేవారు.

"ఇది మన గడపండి. దీన్ని తొక్కితేనే ఇంట్లోకి వచ్చినట్టు."

పిల్లలు కిసుక్కుమనేవారు. "గడప తొక్కకూడదండీ, మా నానమ్మ కొడుతుంది."

"మిగతా గడపలన్నీ దాటండి. ఈ ఒక్కటీ తొక్కండి."

ఆవిడకి ఇంకో అలవాటుంది. మ్యాచ్ అయ్యాక పిల్లలందరికీ రోజ్‌మిల్క్ ఇప్పించేవారు. గెలిస్తే తలా ఒక గ్లాసు. ఓడితే రెండు. ఒకసారి ప్రిన్సిపాల్ గారు ఇదేం లెక్క అని అడిగారు. "గెలిచినోళ్లకి కప్పుంటుందండి. ఓడినోళ్లకి ఇంకేముంటుంది?" అన్నారట.

మా జట్టులో సెకండ్ బేస్ గారని ఒక పిల్ల. మెయిన్ రోడ్డులో బియ్యం కొట్టు షావుకారు గారి అమ్మాయి. ఆ పిల్లంత జోరుగా పరిగెత్తే మనిషిని నేను చూడలేదు. మలుపులో జడ అడ్డంగా లేచి గాలిలో తేలేది. వాళ్ల నాన్నగారికి ఈ ఆట నచ్చేది కాదు. మొదటి ఏడాదే ఒకసారి గ్రౌండ్‌కి వచ్చేశారు.

"మేడమ్ గారూ, మా అమ్మాయి ఎండలో పాడైపోతోందండి. రంగు చూడండి ఎలా అయిపోయిందో."

"మీ కొట్లో బియ్యం ఎప్పుడైనా ఎండలో పోస్తారా అండీ?"

"పోస్తామండి, పురుగు పట్టకుండా."

"ఇదీ అందుకేనండి."

షావుకారు గారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నారు. "ఒక్క సంగతండి. పది మందిలో తలవంపులు వచ్చిన రోజున మాత్రం మా పిల్లని తీసుకెళ్లిపోతాను. అప్పుడు నన్ను ఏమీ అనకూడదు" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు మేడమ్ గారు. ఆ మాట మా అందరికీ గుర్తుండిపోయింది.

రెండో ఏడు మా గ్రౌండ్‌లోనే కాలేజీల ఛాంపియన్‌షిప్ పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జట్లు దిగాయి. వారం రోజులు నాకు నిద్ర ఉందో లేదో తెలియదు. తెల్లారకముందే గీతలు, మధ్యాహ్నం మళ్లీ గీతలు. బయటి ఊళ్ల పీడీలు వచ్చి "ఏ మెషీన్ వాడారండీ?" అని అడిగితే మేడమ్ గారు నా వైపు చెయ్యి చూపించి, "మెషీన్ కాదండి, మా ఇన్‌చార్జి గారు" అనేవారు. నేను తలవంచుకునేదాన్ని. లోపల మాత్రం పొంగిపోయేదాన్ని.

మేము ఫైనల్‌కి వచ్చాం. పొద్దున్నే పిల్లలు కర్రలకి పసుపు రాసి బొట్లు పెట్టుకున్నారు. గిన్నెలో కొంచెం పసుపు, కుంకుమ మిగిలితే బెంచీ కింద దాచాను. మ్యాచ్ చివరికి వచ్చేసరికి ఇద్దరివీ చెరి నాలుగు పరుగులు. వాళ్ల ఆట అయిపోయింది, మా వంతు ఒక్కటే మిగిలింది. ఒక్క పరుగు చేస్తే కప్పు మాది. మధ్యలో చెరిగిన గీతలు సరిచెయ్యడానికి నేను లోపలికి పరిగెత్తాను. సున్నం పోయడం అయ్యాక ఆ పలక నా కంటికి బోసిగా కనబడింది. పిల్లలు ఇంటికొచ్చే గడప కదా అనిపించింది. గిన్నె తెచ్చి, పలక నిండా పసుపు పూసి, ఐదు మూలలా ఐదు కుంకుమ బొట్లు పెట్టాను. మా ఇంట్లో ఎలా పెడతానో అలాగే.

అంపైర్ గారు పలక దులపడానికి బ్రష్ తీసి, వంగి చూసి, "ఏంటమ్మా, పేరంటమా?" అన్నారు. కానీ తుడవడానికి చెయ్యి రాలేదు. బ్రష్ జేబులో పెట్టేసుకున్నారు. మేడమ్ గారు బెంచీ దగ్గర ఎండకి స్కోరు పుస్తకం అడ్డం పెట్టుకుని ఉన్నారు. నన్ను చూశారో లేదో నాకు తెలియదు.

మాలో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొకరు అవుటైతే మా వంతు అయిపోతుంది. సెకండ్ బేస్ గారు మాత్రం ఎలాగో రెండో మూల దాకా చేరి నిలబడింది. తర్వాత వచ్చిన పిల్ల బంతిని కుడి పక్కకి గట్టిగా కొట్టింది. ఇక చూడాలి ఆ పరుగు. మూడో మూల ఎప్పుడు తిరిగిందో తెలియదు. దూరం నుంచి బంతి వస్తోంది, ఈ పిల్ల వస్తోంది. బంతి కంటే ముందే వచ్చేసింది. గ్రౌండంతా ఒక్కసారి లేచింది. పిల్లలు దాన్ని ఎత్తేసుకున్నారు. నేను సున్నం చేతులతో చప్పట్లు కొడుతుంటే తెల్లటి పొగ లేస్తోంది.

అవతలి జట్టులో పలక వెనక కూర్చుని బంతి పట్టే పిల్ల మాత్రం కదల్లేదు. నేల వైపే చూస్తోంది. తర్వాత వంగి, చేతిలో బంతిని ఆ పలకకి తాకించి, అంపైర్ గారి వైపు తిరిగింది. ఆయన వచ్చి వంగి చూశారు.

పసుపు చెదరలేదు. ఐదు బొట్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అంపైర్ గారు పిడికిలి పైకెత్తారు. అవుట్.

సెకండ్ బేస్ గారు గడప దాటేసింది. రోజుకి వందసార్లు తెల్ల పలకని తొక్కిన కాలే, పసుపు కనబడేసరికి దానంతట అదే లేచింది. ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటిన కాలు మరి. పరుగులు సమానమే కాబట్టి ఇద్దరికీ ఇంకో వంతు ఇచ్చారు. అందులో వాళ్లు ఒక పరుగు చేశారు, మేం చెయ్యలేకపోయాం. కప్పు వెళ్లిపోయింది.

"కళ్లు నెత్తిన పెట్టుకుని పరిగెత్తావేంటే?" అంది ఒక పిల్ల. "అంత పలక కనబడలేదా?" అంది ఇంకొకతి. సెకండ్ బేస్ గారు మోకాళ్లలో మొహం దాచుకుంది. "కాలు పెట్టాననుకున్నాను" అని ఒకటే మాట. ఎందుకు పెట్టలేదో దానికే తెలియదు. నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు. చెబితే గ్రౌండ్ పని తీసేసి మళ్లీ బాత్‌రూములకి పంపేస్తారని భయం. లైన్ల ఇన్‌చార్జి గారు మళ్లీ ఏమే అయిపోతుందని భయం. గబగబా వెళ్లి చెంగుతో ఆ పసుపంతా తుడిచేశాను. తలెత్తితే మేడమ్ గారు నన్నే చూస్తున్నారు.

అందరికీ రెండేసి రోజ్‌మిల్క్‌లు ఇప్పించి పంపేశాక, కర్రల సంచి మీద కూర్చుని, ముడిలోంచి పెన్సిల్ తీసి స్కోరు పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు.

"ఏం రాస్తున్నారండీ?" అన్నాను.

"ఎందుకు ఓడామో రాస్తున్నానండి."

"ఏమని అండీ?"

"మీకు చదవడం వచ్చాక చదువుకోండి," అని పుస్తకం మూసేశారు.

ఆవిడ ఆ పుస్తకంలో అబద్ధం రాయరు. మా జట్టుకి అనుకూలంగా ఒక్క చుక్క కూడా ఎక్కువ పెట్టని మనిషి. అందుకే నాకు అంత భయం.

రెండు రోజుల తర్వాత షావుకారు గారు వచ్చారు. ప్రాక్టీసు మధ్యలో నేరుగా గ్రౌండ్‌లోకి నడిచారు.

"మేడమ్ గారూ, ముందే చెప్పానండి. బజార్లో అందరూ, గెలిచే ఆట మీ అమ్మాయి పోగొట్టిందటగా అంటున్నారు. ఇక చాలు. ఏమ్మా, సంచి తీసుకో."

పిల్ల తల దించుకుని సంచి అందుకుంది. మేడమ్ గారు ఆపలేదు. నా వైపు తిరిగారు.

"లైన్ల ఇన్‌చార్జి గారూ, మన గడపకి పసుపు రాసి బొట్లు పెట్టండి."

పసుపు గిన్నె తెచ్చాను. రాశాను. అందరూ చుట్టూ చేరారు.

"షావుకారు గారూ, మీ అమ్మాయిని తీసుకెళ్లండి. నేను ఒక్క మాట కూడా అనను. వెళ్లే ముందు నాకోసం ఆ మూల దగ్గర నుంచి ఇలా ఈ పలక మీదుగా నడిచి రండి. పరిగెత్తక్కర్లేదు."

"నేనా? నేనెందుకండీ?"

"పెద్దవారు, రండి."

ఆయన పంచె అంచు పట్టుకుని, గొణుక్కుంటూ నడిచారు. పలక దగ్గరకి వచ్చారు. కుడి కాలు లేచింది. శుభ్రంగా అవతల పడింది.

మేడమ్ గారు ఈల వేశారు. "మీరూ అవుటేనండి!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు నవ్వింది సెకండ్ బేస్ గారే. ఏడుస్తూ నవ్వింది. "నాన్నా, నువ్వూ దాటేశావు!" ఆయన వెనక్కి తిరిగి పలకని చూసుకున్నారు, తన కాలుని చూసుకున్నారు, ఆఖరికి ఫక్కున నవ్వేశారు.

"పెంపకం మీదండి, అందులో వంక లేదు," అన్నారు మేడమ్ గారు. "పాపం మీ అమ్మాయి ఇంట్లో నేర్చుకున్నట్టే చేసింది."

"మరి ఆ రోజు ఈ పసుపు ఎవరు రాశారండీ?" అన్నారు షావుకారు గారు.

మేడమ్ గారు నా వైపు చూడను కూడా చూడలేదు.

"నేనే రాయించానండి," అన్నారు.

షావుకారు గారు కూతురి చేతిలో సంచి తీసి బెంచీ మీద పెట్టారు. "వచ్చే ఏడు మాత్రం తొక్కు," అని వెళ్లిపోయారు.

ఆ మర్నాటి నుంచి రోజూ గడపకి పసుపు రాయడం నా పని. దాన్ని తొక్కడం పిల్లల పని. మొదటి రోజు సగం మంది దాటేశారు. నెల తిరిగేసరికి పసుపు పాదాలతో గ్రౌండంతా అచ్చులు. తర్వాతి ఏడు ఛాంపియన్‌షిప్ మాదే. ఆఖరి పరుగు ఎవరిదో చెప్పక్కర్లేదు. రెండు కాళ్లతో దూకి మరీ తొక్కింది. ఆ దెబ్బకి లేచిన దుమ్ము షావుకారు గారి తెల్లచొక్కా మీద పడితే ఆయన దులుపుకోలేదు.

ఆ ఓడిన వారంలోనే మేడమ్ గారు నాకు చదువు మొదలుపెట్టారు. పలక లేదు, బలపం లేదు. సామాన్ల గది నేల మీద సున్నంతో. "చుక్కలు వచ్చు, మెలికలు వచ్చు. తెలుగు రాయడానికి ఇంకేం కావాలండీ?" అనేవారు. నాకు అక్షరాలు చేతికి ముందు వచ్చాయి, కంటికి తర్వాత వచ్చాయి. సంవత్సరం తిరిగేసరికి స్కోరు బోర్డు మీద రాసేది నేనే. ఆ పాత పుస్తకం సామాన్ల గది బీరువాలోనే ఉండేది. రోజూ దాని ముందు నుంచే తిరిగేదాన్ని. ఆవిడ రిటైరయ్యాక కూడా వారానికోసారి గ్రౌండ్‌కి వచ్చేవారు. "చదివారా అండీ?" అని ఒకేఒక్కసారి అడిగారు. "లేదండీ" అన్నాను. "తొందరేం లేదండి" అన్నారు. మళ్లీ అడగలేదు.

కబురు వచ్చిన రోజు ధవళేశ్వరం వెళ్లాను. ఇంటి ముందు వచ్చినవాళ్ల చెప్పుల మధ్య ఆవిడ కాన్వాస్ బూట్లు ఉన్నాయి. అంచుల్లో ఇంకా సున్నం. అది నేను పోసిన సున్నమే. గ్రూపులో ఆ సందేశం పెట్టింది సెకండ్ బేస్ గారు. ఇప్పుడు సామర్లకోట దగ్గర ఒక స్కూల్లో ఆటల టీచరు. మెడలో ఈల వేసుకునే వచ్చేసింది. "లైన్ల ఇన్‌చార్జి గారూ" అని నన్ను పట్టుకుంది. దాని ఏడుపు తగ్గేదాకా వీపు నిమిరాను. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. పుస్తకం చూడకుండా చెప్పకూడదనిపించింది.

సాయంత్రం కాలేజీకి వచ్చి బీరువా తీశాను. ఆ పేజీ మధ్యలో ఆవిడ పెన్సిల్ ముక్క ఒకటి ఉండిపోయింది. చివర రిమార్కుల గడిలో సన్నటి అక్షరాలు. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాను.

"ఒక పరుగు తేడాతో ఓడాం. పలక మీద పసుపు వల్ల. ఇన్‌చార్జి గారు రాస్తుంటే కోచ్ చూసింది. తుడిపించాలని తెలుసు. చాలా బాగుంది, చెప్పబుద్ధి కాలేదు. తప్పు కోచ్‌ది. పరిగెత్తిన అమ్మాయిది కాదు, ఇన్‌చార్జి గారిది కాదు."

ఆ గడి కింద ఒక వరస ఖాళీగా వదిలేసి ఉంది. మిగతా ఏ పేజీలోనూ ఆవిడ అలా ఖాళీ వదల్లేదు. అన్నీ తిప్పి చూశాను.

మర్నాడు పొద్దున్నే మా గ్రౌండ్‌లో ఈ ఏటి ఛాంపియన్‌షిప్ మొదలు. అందరికంటే ముందు వెళ్లాను. బెంచీ మీద కూర్చుని, ఆ పెన్సిల్ ముక్కతోనే, ఖాళీ వరసలో రాశాను. "పసుపు రాసింది నేనండి. తుడిచేసింది కూడా నేనే." కింద నా పేరు రాసి, పక్కన లైన్ల ఇన్‌చార్జి అని రాశాను. ఆ పేజీ ఫొటో తీసి సెకండ్ బేస్ గారికి పంపాను. ఆ తర్వాత పెన్సిల్ ముడిలో గుచ్చుకుని, సున్నం డబ్బా తీసుకుని, గాలి ఎటుందో చూసుకుని గీత మొదలుపెట్టాను.